శివారు నుండి కొలవవలసిన సమానత్వము: దిగువ కృష్ణా డెల్టా నేపథ్యములో ప్రాంతీయ ఆదాయ అసమానతల విధానాలపై విమర్శ

ఉపోద్ఘాతము

ఒకే దేశములో, ఒకే చట్టము క్రింద బ్రతికే ప్రజల ఆదాయాలలో ప్రాంతాన్నిబట్టి ఇంత వ్యత్యాసము ఎందుకున్నది? దానిని తగ్గించడానికి ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు ఎవరివరకు చేరాయి? ఈ ప్రశ్నలు ఆర్థిక శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించినవి కావు. గడచిన డెబ్బై సంవత్సరాల తెలుగువారి రాజకీయ చరిత్ర చాలా మట్టుకు వీటి చుట్టూనే తిరిగింది. 1956లో పెద్దమనుషుల ఒప్పందము, 1969లో తెలంగాణ ఉద్యమము, 1972లో జై ఆంధ్ర ఉద్యమము, 1973లో ఆరు సూత్రాల పథకము, 2010లో శ్రీకృష్ణ కమిటీ నివేదిక, 2014లో రాష్ట్ర విభజన – వీటన్నిటిలోను ప్రాంతాల మధ్య న్యాయమనే మాట వినబడుతుంది.

అయితే ఈ చర్చలలో వెనుకబడిన ప్రాంతము అనగానే రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ జిల్లాలు గుర్తుకు వస్తాయి. కృష్ణా జిల్లా పేరు ఎవరికీ గుర్తుకు రాదు. ఆనకట్ట, మాగాణి, విద్యాసంస్థలు, విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు – ఇవే ఆ జిల్లాకు గుర్తులు. ఆ గుర్తులు అబద్ధము కావు. కాని దివిసీమ శివారు గ్రామాలలో సేవ చేసే ఏ కాపరినైనా అడిగితే, ఆ గుర్తులలో తన సంఘస్థులు ఎక్కడా కనబడరని చెబుతాడు.

ఈ వ్యాసములో మేము చేయదలచిన విమర్శ ఒక్కటే. ప్రాంతీయ అసమానతను జిల్లా సగటుతో కొలిచే విధానము, సంపన్న జిల్లాలోని పేదవానిని లెక్కలోనుండి తప్పిస్తుంది. జిల్లాకు సహాయము వచ్చినప్పుడు కూడ, కాలువ నీరు తలభాగములోనే ఆగినట్లు అది పైనే ఆగిపోతుంది. రాయలసీమ, ఉత్తరాంధ్రల న్యాయమైన హక్కును తగ్గించడము మా ఉద్దేశము కాదు. అక్కడి పేదలకు కూడ ఇదే కొలత ఇదే అన్యాయము చేస్తున్నది.

1. జిల్లా అనే కొలత

2006–07లో కేంద్ర ప్రభుత్వము వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధిని ప్రారంభించింది. దేశములో 250 జిల్లాలను ఎంపిక చేసినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండి 13 జిల్లాలు చేరాయి. కృష్ణా అందులో లేదు. 2014 విభజన తరువాత రాయలసీమ నాలుగు జిల్లాలకు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకు సంవత్సరానికి జిల్లాకు 50 కోట్ల రూపాయల చొప్పున ప్రత్యేక సహాయము ఇచ్చారు. 2018లో ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమము క్రింద మన రాష్ట్రము నుండి విశాఖపట్నము, విజయనగరము, కడప ఎంపికయ్యాయి. ఈ జాబితాలలోను కృష్ణా లేదు. జిల్లాను జిల్లాతో పోల్చినంతవరకు ఈ నిర్ణయాలను తప్పు పట్టలేము.

దీని ఫలితము ఎక్కడ తగిలిందో చూడాలంటే గ్రామీణ ఉపాధి హామీ చట్టము చరిత్ర చాలు. 2006 ఫిబ్రవరిలో ఆ చట్టము మొదటి విడత జిల్లాలలో అమలులోనికి వచ్చింది. కృష్ణా జిల్లాకు అది మూడవ విడతలో, 2008 ఏప్రిల్‌లో చేరింది. నాగాయలంకలో సెంటు భూమి లేని కూలీకి, అనంతపురములో సెంటు భూమి లేని కూలీకి ఆకలిలో తేడా లేదు. అయినా పని అడిగే హక్కు కొరకు నాగాయలంక కూలీ రెండు సంవత్సరాలు ఎక్కువగా వేచియుండవలసి వచ్చింది. అతడు ధనవంతుడైనందుకు కాదు, ధనవంతుల జిల్లాలో నివసిస్తున్నందుకు.

పైగా జిల్లా అనేది దేవుడు గీసిన గీత కాదు. 1859లో గుంటూరును మచిలీపట్నముతో కలిపి కృష్ణా జిల్లాను ఏర్పరచారు. 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి వేరు జిల్లాలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. మచిలీపట్నము కేంద్రముగా గుడివాడ, దివిసీమలతో కృష్ణా జిల్లా మిగిలింది. ఒక్క రాత్రిలో జిల్లా సగటు మారింది. ఒక్క కుటుంబము ఆదాయము కూడ మారలేదు. గీత జరిపితే మారే అంకెను ఆధారము చేసుకొని ఒక మనిషి హక్కును నిర్ణయించడము ఎంతవరకు సమంజసము?

2. ఒకే డెల్టా, మూడు నేలలు

1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళికను చార్లెస్ ఓర్ అమలు చేశాడు. దాని స్థానములో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఇరువైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి.లు కేటాయించింది. కాగితము మీద ఈ నీరు అందరిదీ. నేల మీద అది తల నుండి శివారుకు ప్రయాణము చేయాలి.

గుడివాడ ప్రాంతము డెల్టా నడిబొడ్డు. వరి, ధాన్యము మిల్లులు, రైల్వే జంక్షను, వ్యాపారము దానికి బలము. ఇక్కడి మిగులు తరతరాలుగా చదువులోనికి, సినిమా రంగములోనికి, హైదరాబాదు పరిశ్రమలలోనికి, అమెరికాకు ప్రవహించింది. కోస్తాంధ్ర రైతు కుటుంబాలు పెట్టుబడిదారులుగా మారిన ఈ తీరును 1980లలోనే కారల్ ఉపాధ్య వంటి పరిశోధకులు వివరించారు. అయితే గుడివాడ అంతా ఒకటి కాదు. నందివాడ వైపు పల్లపు గ్రామాలు 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగాయి.

మచిలీపట్నము, మనము వాడుకలో బందరు అని పిలిచే పట్టణము, ఒకప్పుడు ప్రపంచ వర్తకానికి రేవు. ఆంగ్లేయుల వర్తక స్థావరము ఇక్కడ 1611లో వెలసింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. రేవు క్రమేణా క్షీణించింది. రైలుమార్గము ఇక్కడ ఆగిపోతుంది. పెడన కలంకారీ, చిలకలపూడి రోల్డుగోల్డు, గిలకలదిండి చేపల వేట – చేతిలో పనితనమున్నా, లాభము మధ్యవర్తులకు పోయే జీవనాధారాలు ఇవి.

దివిసీమ కృష్ణానది రెండు పాయల మధ్య, సముద్రానికి ఆనుకొని యున్న ద్వీపము. కాలువ నీరు పులిగడ్డ అక్విడక్టు దాటి రావాలి. ఎగువన నీరు ఆలస్యమైతే ఇక్కడ నాట్లు ఆలస్యమౌతాయి. నాట్లు ఆలస్యమైతే కోతలు తుపానుల కాలములో పడతాయి. పనలమీద వాన పడితే సంవత్సరము కష్టము మొలకెత్తుతుంది. నీరు చాలని ఏడు డ్రెయిన్ల ద్వారా ఉప్పునీరు పైకి వచ్చి భూమి చౌడు బారుతుంది. అంటే శివారు రైతు ఎకరానికి పెట్టే పెట్టుబడి తలభాగపు రైతుతో సమానము, ప్రమాదము మాత్రము అతనికంటె ఎన్నో రెట్లు.

3. లెక్క చూపేది, దాచేది

జిల్లా నికర ఉత్పత్తిని జనాభాతో భాగించి తలసరి ఆదాయము అంటారు. ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా గమనించాలి. ఉత్పత్తి ఎక్కడ జరిగిందో ఈ లెక్క చెబుతుంది. ఆదాయము ఎవరి ఇంటికి చేరిందో చెప్పదు. కృత్తివెన్నులో గాని నాగాయలంకలో గాని రొయ్యల చెరువు పండితే దాని విలువ కృష్ణా జిల్లా ఖాతాలో పడుతుంది. చెరువు యజమాని హైదరాబాదులో ఉండవచ్చు. వరి పొలము కౌలు డబ్బు డల్లాస్‌కు పోవచ్చు. లెక్కలో మాత్రము ఆ సొమ్ము చెరువు గట్టున కాపలా ఉన్న కూలీ తలమీద కూడ పడుతుంది. లేని సొమ్ముకు అతడు భాగస్థుడుగా నమోదౌతాడు.

వరి పొలము చెరువుగా మారినప్పుడు మరొక మార్పు జరుగుతుంది. ఎకరా విలువ పెరుగుతుంది, పనిదినాలు తగ్గుతాయి. నాట్లు, కలుపు, కోతలలో స్త్రీలకు దొరికే కూలి చెరువులలో దొరకదు. ప్రక్క పొలానికి ఉప్పు ఊరుతుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పు ఈ నష్టాలను గుర్తించింది. 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి ఆ సాగును నియంత్రణ క్రింద అనుమతించింది. జిల్లా ఆదాయము పెరగడము, జిల్లాలోని కూలీ ఆదాయము తగ్గడము ఒకే సమయములో జరుగగలవని ఇక్కడ స్పష్టమౌతుంది.

4. విధానాలపై విమర్శ

1965లో జెఫ్రీ విలియమ్సన్ అనే ఆర్థికవేత్త, అభివృద్ధి తొలిదశలో ప్రాంతాల మధ్య అంతరము పెరిగి, తరువాత దానంతట అదే తగ్గుతుందని వాదించాడు. ఈ ఓదార్పు ఇప్పటికీ పలు రూపాలలో వినిపిస్తుంది. డెల్టాకు ఆనకట్ట వచ్చి 170 సంవత్సరాలు దాటింది. ఇంకా తొలిదశ అనడానికి వీలు లేదు.

(అ) నీటి విధానము. 1997లో సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగిస్తూ చట్టము వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మంచి ఆలోచనే. కాని భూమి రికార్డులలో పేరున్నవానికే అందులో గొంతు. దిగువ డెల్టాలో సాగుచేసేవారిలో ఎక్కువమంది నోటిమాట కౌలుదారులు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు వచ్చింది. అది నిజమైన మేలు. అయితే మొత్తము నీరు పెరగడము, శివారుకు వంతు సరిగా రావడము రెండు వేరు పనులు. రెండవదానికి కాలువ పూడికతీత, గట్ల మరమ్మతు, పంపిణీ మీద నిఘా కావాలి. వాటికి శంకుస్థాపనలు ఉండవు గనుక శ్రద్ధ కూడ తక్కువే.

(ఆ) కౌలుదారు. తుపాను నష్టపరిహారము, పంట రుణము, ధాన్యము కొనుగోలు అన్నీ పాసుపుస్తకము వెంట నడుస్తాయి. 2011 చట్టము కౌలుదారునికి రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టము సాగుదారు హక్కు పత్రానికి యజమాని సంతకము కావాలన్నది. ఏ యజమాని సంతకము చేస్తే మరుసటి సంవత్సరము పొలము దొరకదో, ఆ యజమాని దగ్గరకే కౌలుదారుని పంపిన చట్టము అది. ప్రాంతానికి ఎంత నిధి ఇచ్చినా ఈ ఒక్క తలుపు మూసియుంటే అది అసలు సాగుదారుని చేరదు.

(ఇ) పెద్ద ప్రాజెక్టు. బందరు ఓడరేవుకు 2008లో, 2019లో, 2023లో ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు. ఈలోగా 2015లో వేలాది ఎకరాల సేకరణకు ప్రకటన రాగా తీరగ్రామాల రైతులు వ్యతిరేకించారు. రేవు రావాలని బందరు కోరుకోవడములో న్యాయమున్నది. అయితే ఇటలీ అనుభవము మనకు పాఠము. ఆ దేశపు దక్షిణ భాగాన్ని పైకి తేవడానికి 1950లో ఏర్పరచిన ప్రత్యేక నిధి 1984 వరకు పనిచేసింది. రోడ్లు, నీరు కొంత మేలు చేశాయి. చుట్టూ ఉన్న ఊళ్లతో సంబంధము లేని భారీ కర్మాగారాలకు మాత్రము ‘ఎడారిలో కట్టిన కెథెడ్రళ్లు’ అని అక్కడ పేరు పడింది. రేవు చుట్టూ పెడన నేతగాని పిల్లలకు, గిలకలదిండి మత్స్యకారుని పిల్లలకు తగిన శిక్షణ, ఉద్యోగము ముందుగా నిర్ణయించకపోతే, జిల్లా ఉత్పత్తి పెరుగుతుంది, బందరు పేదరికము రేవు గోడ అవతల నిలబడి చూస్తుంది.

(ఈ) వలస. 2009లో ప్రపంచ బ్యాంకు తన అభివృద్ధి నివేదికలో, ఆర్థిక కార్యకలాపాలు కొన్ని చోట్ల గుమిగూడడము సహజమని, వెనుకబడిన చోటుకు పరిశ్రమను లాగడముకంటె అందరికీ విద్య, వైద్యము అందించి, రోడ్లు కలిపి, మనుషులు కదలనివ్వడము మేలని వాదించింది. అదే సంవత్సరము ఐరోపా సమాఖ్య కొరకు ఫాబ్రిజియో బార్కా సమర్పించిన నివేదిక దీనికి భిన్నముగా, స్థానిక జ్ఞానముతో ప్రతి చోటుకు తగిన విధానము కావాలన్నది. దివిసీమలో కదలడానికి అడ్డులేదు. విజయవాడ నుండి బందరు 70 కిలోమీటర్ల దూరమే. పొలము ఉన్నవాని కుమారుడు ఇంజనీరుగా కదిలాడు. పొలము లేనివాని కుమారుడు కూలిగా కదిలాడు. ఇద్దరూ వలసపోయారు, అంతరము కూడ వారితోనే వలసపోయింది. మిగిలిన ముసలివారిని, చదువు మానిన పిల్లలను మన సంఘాల ఆదివారపు హాజరు చూపిస్తుంది.

(ఉ) కులము. ప్రాంతాన్ని విడిచి వ్యక్తినే లక్ష్యముగా పెట్టుకుంటే చాలదా అని కొందరంటారు. 2013లో ఉమ్మడి రాష్ట్రము ఎస్.సి. ఉపప్రణాళిక చట్టము చేసింది. కాని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. మన రాష్ట్రములో అతడు బి.సి.–సి వర్గము. జిల్లా సంపన్నమైనదని ప్రాంతీయ సహాయము రాదు, విశ్వాసము మారిందని వ్యక్తిగత సహాయము రాదు. శివారు గ్రామపు దళిత క్రైస్తవ కూలీ ఈ రెండు జల్లెడలలోనుండీ జారిపోతున్నాడు. ఇది మన పాఠకులకు దూరపు విషయము కాదు. మన సంఘ రిజిస్టర్లలోని పేర్లే ఇవి.

5. చేరిన విధానానికి ఒక సాక్ష్యము

ఏమి చేసినా ఫలితముండదు అనే నిరాశను కూడ మేము అంగీకరించలేము. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేలమంది మరణించారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. తరువాత ప్రభుత్వము, కాసా మొదలైన స్వచ్ఛంద సంస్థలు తీరము వెంబడి తుపాను షెల్టర్లు కట్టాయి. హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది. 1990 మేలో అటువంటి భీకర తుపానే ఈ ప్రాంతాన్ని తాకినప్పుడు ప్రజలను ముందుగా తరలించగలిగారు. మరణాలు వెయ్యి లోపే.

ఈ విధానము ఎందుకు ఫలించింది? జిల్లాలో సగటున ఒక మనిషికి ఎంత షెల్టరు ఉన్నదని ఎవరూ అడగలేదు. సముద్రానికి అతి దగ్గర గుడిసె నుండి నడచి చేరగలిగే దూరములో షెల్టరు ఉన్నదా అని అడిగారు. కొలత శివారు నుండి మొదలయ్యింది. ప్రాణము విషయములో మనము నేర్చుకున్న ఈ పద్ధతిని జీవనము విషయములో మాత్రము పాటించలేదు. ఎదురుమొండి దీవుల ప్రజలు దశాబ్దాలుగా పంటు మీద, పడవ మీద నది దాటి ఆసుపత్రికి రావలసి రావడమే దీనికి నిదర్శనము.

6. కొరింథు పత్రిక ఇచ్చే కొలబద్ద

ప్రాంతీయ అసమానత బైబిలు గ్రంథానికి కొత్త విషయము కాదు. సొలొమోను దేశాన్ని పన్నెండు భాగాలుగా చేసి, నెలకొక భాగము రాజభవనాన్ని పోషించునట్లు ఏర్పాటు చేశాడు (1 రాజులు 4:7–19). యూదా గోత్రము ఆ భారములో పాలుపొందిందా లేదా అన్నది పండితులలో చర్చనీయాంశము. రెహబాము కాలములో ఉత్తర గోత్రాలు షెకెములో భారము తగ్గించమని అడిగినప్పుడు, అతడు వినలేదు, రాజ్యము చీలిపోయింది (1 రాజులు 12). చీలిక తరువాత ఉత్తర రాజ్యములోనే ఆమోసు పేదల పక్షమున కేక వేయవలసి వచ్చిందన్నది మరచిపోరాదు. గీత కొత్తగా గీసినంత మాత్రాన లోపలి అన్యాయము పోదు.

2 కొరింథీయులకు 8, 9 అధ్యాయాలలో పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు మాసిదోనియ, అకయ సంఘాలనుండి చేసిన చందా, ఒక ప్రాంతమునుండి మరొక ప్రాంతానికి సాగిన సహాయము. ఇది స్వచ్ఛందమైన సంఘ కార్యము, ప్రభుత్వ పన్ను కాదు. కనుక దీనినుండి నేరుగా ఆర్థిక పథకము తయారుచేయడము వాక్యాన్ని వంచడమే అవుతుంది. అయినా మూడు సూత్రాలు స్పష్టముగా కనబడతాయి.

మొదటిది, ఉద్దేశము. 8:13–14లో పౌలు వాడిన ఇసొటేస్ అనే గ్రీకు పదానికి సమానత్వమని అర్థము. జాలి అనే మాటను అతడు వాడలేదు. పైగా ఇచ్చిన మాసిదోనియవారు తామే నిరుపేదలు. సంపన్న ప్రాంతము, పేద ప్రాంతము అన్న సులభమైన విభజన అక్కడ నిలువదు.

రెండవది, కొలత. 8:15లో పౌలు మన్నా వృత్తాంతాన్ని గుర్తు చేస్తాడు. నిర్గమకాండము 16లో మన్నాను పాళెము మొత్తానికి సగటు చూసి సరిపోయిందనలేదు. తలకు ఒక ఓమెరు చొప్పున, గుడారము గుడారమున కొలిచారు. తక్కువ కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు అన్నది కొలిచిన తరువాత తేలిన సంగతి.

మూడవది, జవాబుదారీ. సంఘాలు ఏర్పరచిన ప్రతినిధులు సొమ్ముతో ప్రయాణము చేశారు (8:18–21). అపొస్తలుల కార్యములు 6లో నిర్లక్ష్యమునకు గురైనవారు గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు. పంపిణీకి ఏర్పడిన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయినవారి మధ్యనుండే పంచేవారిని ఎన్నుకొన్నారు. మన నీటి సంఘాలలో శివారు కౌలుదారునికి ఈ స్థానము ఇంకా రాలేదు.

7. సంఘము ముందున్న పని

ఈ కొలబద్దను ప్రభుత్వము మీద పెట్టకముందు మన మీద పెట్టుకోవాలి. పట్టణ సంఘానికి పాలరాతి నేల, విదేశీ సభ్యుల కానుక. అదే డినామినేషన్ శివారు సంఘానికి కారుతున్న రేకుల కప్పు. శివారు పాస్టరేట్‌కు బదిలీని శిక్షగా భావించే అలవాటు మనలో లేదా? కాపరి జీతము అతని సంఘపు కానుకలమీదనే ఆధారపడిన చోట, పేద గ్రామానికి పేద కాపరి, లేదా ఏ కాపరీ లేడు. కనుక ఈ క్రింది ప్రతిపాదనలు చేస్తున్నాము.

ఒకటి, పట్టణ, శివారు సంఘాల కాపరులకు సమాన జీతము ఉమ్మడి నిధినుండి చెల్లించాలి. ఆ నిధిని పర్యవేక్షించే కమిటీలో శివారు సంఘాల ప్రతినిధులు సగమైనా ఉండాలి. రెండు, ప్రతి శివారు పాస్టరేట్‌లో నీరు వచ్చిన తేదీ, దొరికిన పనిదినాలు, కౌలుదారుల సంఖ్య, వలస పోయిన కుటుంబాలు, చదువు మానిన పిల్లలు – ఈ ఐదు విషయాలు ఏటా నమోదు చేయాలి. బి.డి. విద్యార్థుల క్షేత్ర సేవకు ఇంతకంటె మంచి పరిశోధన లేదు. మూడు, ఈ వివరాలతో మండలమును, అవసరమైతే గ్రామమును కొలతగా తీసుకోవాలని, యజమాని సంతకము లేకుండ సాగుదారు పత్రము ఇవ్వాలని ఇతర మతస్థులైన కౌలుదారులతో, కూలీలతో కలిసి అడగాలి. కేవలము క్రైస్తవుల కొరకు అడిగితే అది సమానత్వము కాదు.

ముగింపు

జిల్లా సగటు ఒక అవసరమైన అంకె. పాలకునికి అది దిక్కు చూపుతుంది. దానినే న్యాయానికి కొలతగా తీసుకున్నప్పుడు గుడివాడ మిల్లు, బందరు రేవు, నాగాయలంక గుడిసె ఒకే అంకెలో కలిసిపోయి, గుడిసె కనబడకుండ పోతుంది. కాలువ సరిగా పారుతున్నదా లేదా అని డెల్టా రైతు బ్యారేజి దగ్గర నిలబడి తేల్చడు. శివారు బోదె దగ్గరకు వెళ్లి చూస్తాడు. ప్రాంతీయ సమానత్వము కొరకు చేసే ప్రతి విధానాన్ని, మన సంఘ నిధులతో సహా, అక్కడ నిలబడియే పరీక్షించాలి.